సెకండ్ హ్యాండ్ ఎస్ప్రెస్సో మెషీన్ కొన్నారా? మొదటి కాఫీకి ముందు దాన్ని ఇలా శుభ్రం చేయండి

పాత ఎస్ప్రెస్సో మెషీన్ కొన్నవాళ్ళు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "సున్నం తీయడానికి ఏం పోయాలి?" కింద ఒక ఫొటో కూడా పెడతారు. ఫొటోలో చూస్తే సున్నం కాదు, నల్లగా గట్టిపడిన కాఫీ జిడ్డు. దాని మీద ఎంత నిమ్మ ఉప్పు పోసినా అది కదలదు. అందుకే మందు సంగతికి ముందు రోగం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను.

ఈ మెషీన్లలో మురికి రెండు రకాలు. నీళ్ళ వల్ల వచ్చేది సున్నం. అది బాయిలర్‌లో, గొట్టాల్లో, ఆవిరి దారిలో పేరుకుంటుంది. కాఫీ వల్ల వచ్చేది నూనె జిడ్డు. అది కాఫీ పొడి తగిలే చోట, అంటే గ్రూప్ హెడ్ (వేడి నీళ్ళు కిందికి దిగే భాగం, దీన్నే గ్రూప్ అంటారు), షవర్ స్క్రీన్ (దాని అడుగున ఉండే చిల్లుల పళ్ళెం), పోర్టాఫిల్టర్ (గ్రూప్‌కి తగిలించే హ్యాండిల్), బాస్కెట్ (అందులో కాఫీ పొడి వేసే చిల్లుల గిన్నె)లలో ఉంటుంది. సున్నానికి పులుపు కావాలి, జిడ్డుకి క్షారం కావాలి. రెండూ కలిపి పోస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి, మెషీన్ మాత్రం అలాగే ఉంటుంది. థియరీ ఇంతే.

ఇక్కడ చెప్పేది గాజియా క్లాసిక్, రాన్‌సీలియో సిల్వియా, డెలోంగీ డెడికా లాంటి చిన్న ఇంటి మెషీన్ల గురించి. గింజలు వేసి బటన్ నొక్కితే కప్పులో కాఫీ పడే ఆటోమేటిక్ మెషీన్లకు, హీట్ ఎక్స్ఛేంజర్ (ఆవిరి బాయిలర్ లోపలి గొట్టంలో కాఫీ నీళ్ళు వేడెక్కే ఏర్పాటు) ఉన్న పెద్ద మెషీన్లకు ఈ పద్ధతి వాడొద్దు.

కావలసినవి

- నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), 100 గ్రాములు. కిరాణా కొట్లో దొరికే వంట రకం చాలు. తూకం వేసే వాడాలి కాబట్టి చిన్న కిచెన్ తూకం కూడా.
- ఎస్ప్రెస్సో మెషీన్ల కోసం అమ్మే క్లీనింగ్ పౌడర్, చిన్న డబ్బా. కాఫిజా లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.
- బ్లైండ్ బాస్కెట్, అంటే అడుగున చిల్లులు లేని బాస్కెట్. ఇది అన్ని మెషీన్లకూ అక్కర్లేదు, ఎవరికి కావాలో 8వ మెట్టులో ఉంది.
- స్క్రూ డ్రైవర్లు, అలెన్ కీల సెట్, పాత టూత్ బ్రష్, సన్న సూది, టార్చ్ లైట్.
- కొత్త గ్రూప్ గాస్కెట్ (గ్రూప్‌లో ఉండే రబ్బరు రింగు). వెంటనే కొనకండి, పాతది బయటికి తీసి కొలిచాక కొనండి.
- తాగే నీళ్ళు ఒక క్యాన్. కడగడానికి చాలా పోతాయి.
- వంట సోడా, పసుపు. పరీక్షలకి.

క్లీనింగ్ పౌడర్ దొరకకపోతే స్టీలు బాస్కెట్లు నానబెట్టడానికి వేడి నీళ్ళలో బట్టల సోడా వేసుకోవచ్చు. అది గిన్నె వరకే. మెషీన్ లోపలికి పంపొద్దు.

1. ప్లగ్ పెట్టకముందు

మెషీన్ కింద గానీ వెనక గానీ ఒక చిన్న లేబుల్ ఉంటుంది. 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే సరే. అమెరికా నుంచి తిరిగొచ్చిన వాళ్ళు అమ్మేసిన మెషీన్ అయితే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. దాన్ని మన సాకెట్‌లో పెడితే ఆ రోజే దాని ఆఖరు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ, మెషీన్ 1,000 వాట్లకు పైగా లాగుతుంది కాబట్టి కనీసం 2,000 వాట్లది కావాలి. అప్పుడు కూడా ఒక లోటు ఉంటుంది: వీటిలోని వైబ్రేషన్ పంపు కరెంటు ఫ్రీక్వెన్సీ లెక్కన కొట్టుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. బేరానికి ముందే ఈ లేబుల్ ఫొటో అడగండి.

ఇక్కడి మెషీన్ అయినా 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌లోనే పెట్టండి. యూరప్ ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి నడుపుతున్నారంటే ఎర్తింగ్ అందట్లేదని అర్థం. నీళ్ళూ కరెంటూ కలిసే వస్తువు ఇది. ఎలక్ట్రీషియన్‌తో మూడు పిన్నుల ప్లగ్ వేయించండి.

తర్వాత టార్చ్ వేసి గాలి కన్నాల్లోంచి లోపలికి చూడండి. వెచ్చగా, తడిగా, చీకటిగా ఉండే చోటు కాబట్టి బొద్దింకలకు ఇష్టమైన ఇల్లు ఇది. ఆవాల్లాంటి నల్లటి రెట్టలు కనిపిస్తే పై మూత తెరిచి శుభ్రం చేయాల్సిందే. పురుగుల స్ప్రే మాత్రం లోపల కొట్టకండి, తర్వాత మీరు తాగేది ఆ నీళ్ళే. మూత తెరిచే అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వండి.

2. ట్యాంకు, ట్రే

గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడిగి బాగా తొలవండి. నీళ్ళు పీల్చే గొట్టం చివర చిన్న జాలీ ఉంటే అది కూడా తీయండి. పాకుడు దాక్కునేది అక్కడే.

3. ముందు ఉత్త నీళ్ళతో నడిపి చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా నిమ్మ ఉప్పు పోసేస్తారు. అలా చేస్తే తర్వాత ఏదైనా పాడైతే అది ముందునుంచీ ఉన్న జబ్బో, మీరు తెచ్చిపెట్టిందో తెలియదు.

ట్యాంకులో మంచి నీళ్ళు నింపండి. స్టీమ్ నాబ్ (స్టీమ్ వాండ్‌కి, అంటే పాలు నురగ కట్టించే గొట్టానికి, ఆవిరి వదిలే మర) తెరిచి పంపు ఆన్ చేయండి. చాలాకాలం వాడని మెషీన్లో పంపు గాలి పట్టేసి ఉంటుంది, గరగరమంటుంది గానీ నీళ్ళు రావు. అర నిమిషం చూసి ఆపండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. నీళ్ళు లేకుండా పంపుని ఆపకుండా నడిపితే వేడెక్కి కాలిపోతుంది.

నీళ్ళు వచ్చాక నాబ్ మూసి, పోర్టాఫిల్టర్ లేకుండా గ్రూప్ కింద గ్లాసు పెట్టి సరిగ్గా 10 సెకన్లు పంపు నడపండి. ఎన్ని గ్రాముల నీళ్ళు పడ్డాయో తూచి రాసుకోండి. ఈ అంకె చివర్లో కావాలి.

ఇప్పుడు వేడెక్కనివ్వండి. కరెంటు బోర్డులోని రక్షణ స్విచ్ (ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ) పడిపోతే అక్కడితో ఆపేయండి. చాలాసార్లు అది హీటింగ్ ఎలిమెంట్ లీకేజీ, సున్నం తీస్తే బాగుపడే జబ్బు కాదు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేయాల్సింది ఇప్పుడే, మెషీన్ విప్పాక కాదు.

4. గ్రూప్ హెడ్ విప్పడం

మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. గ్రూప్ కిందకి తలపెట్టి చూస్తే చిల్లుల పళ్ళెం కనిపిస్తుంది, అదే షవర్ స్క్రీన్. మోడల్‌ని బట్టి స్క్రూ మారుతుంది. గాజియా క్లాసిక్‌లో మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది, అది తీస్తే స్క్రీన్ చేతిలోకి రావాలి. దాని వెనక మందపాటి లోహపు బిళ్ళ ఉంటుంది, దానికి రెండు అలెన్ బోల్టులు, 5 మిల్లీమీటర్ల కీ పడుతుంది.

"రావాలి" అన్నాను, రాదు. ఏళ్ళ తరబడి విప్పని మెషీన్లో స్క్రీన్ జిడ్డుతో అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూ తల అరిగేలా తిప్పొద్దు. ఒక గిన్నెలో వేడి నీళ్ళు, క్లీనింగ్ పౌడర్ (లోపలి బిళ్ళ అల్యూమినియంది కావచ్చనిపిస్తే పౌడర్ బదులు గిన్నెల లిక్విడ్, కారణం 5వ మెట్టులో ఉంది) కలిపి, గ్రూప్ దాంట్లో మునిగేలా కింద పెట్టి పావుగంట ఉంచండి. తర్వాత స్క్రూ డ్రైవర్‌ని గట్టిగా నొక్కిపట్టి తిప్పండి. అప్పటికీ రాకపోతే మెషీన్‌ని కాస్త వేడిచేసి, ప్లగ్ తీసి, గోరువెచ్చగా ఉండగా ప్రయత్నించండి. లోహం వెచ్చబడితే పట్టు సడలుతుంది.

బిళ్ళ ఊడాక దాని వెనక చూడండి. తారులాంటి నల్లటి పొర, వేలితో గీస్తే గోట్లో ఇరుక్కునేంత మందం. కాఫీ చేదుగా, పాత నూనె వాసనతో రావడానికి కారణం ఇదే, చాలామంది సున్నం అనుకునేదీ ఇదే. మన దగ్గర ఇంకో తంటా ఉంది. ముందు వాడినవాళ్ళు ఫిల్టర్ కాఫీ పొడిని ఇందులో వేసి ఉండొచ్చు. దాంట్లో సగం దాకా చికోరీ ఉండొచ్చు. చికోరీ తడిస్తే జిగురులా పట్టుకుని సన్న చిల్లులు మూసేస్తుంది. మీ మెషీన్లో స్క్రీన్ సగం మూసుకుపోయి ఉంటే కారణం అదే కావచ్చు.

5. నానబెట్టడం

స్క్రీన్, స్టీలు బాస్కెట్లు, పోర్టాఫిల్టర్ లోహపు భాగం వేడి నీళ్ళలో వేసి, లీటరుకి ఒక చెంచా క్లీనింగ్ పౌడర్ చొప్పున కలిపి 20–30 నిమిషాలు ఉంచండి. హ్యాండిల్ మునగకూడదు. నీళ్ళు డికాక్షన్ రంగుకి వస్తాయి. పారబోసి, తోమి, మళ్ళీ ఒక విడత వేయండి.

ఒక్క జాగ్రత్త: అల్యూమినియం భాగాలను ఈ పౌడర్‌లో నానబెట్టొద్దు. నల్లబడి పొడి రాలతాయి. పాత గాజియా క్లాసిక్‌లోని ఆ మందపు బిళ్ళ, చవక మెషీన్ల పోర్టాఫిల్టర్లు తరచూ అల్యూమినియమే. బరువు చూస్తే తెలుస్తుంది: ఇత్తడి చేతికి బరువుగా ఆనుతుంది, అల్యూమినియం తేలిగ్గా ఉంటుంది. అల్యూమినియాన్ని వేడి నీళ్ళు, గిన్నెల లిక్విడ్, బ్రష్‌తో తోమండి.

అడుగున ఒకే ఒక్క చిన్న చిల్లు ఉన్న ప్రెషరైజ్డ్ బాస్కెట్ అయితే నానాక ఆ చిల్లులో సూది పెట్టి తిప్పండి. వెలుతురుకి పట్టి చూస్తే చుక్క కాంతి కనపడాలి.

6. గాస్కెట్

స్క్రీన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు ఇది. కుక్కర్ గాస్కెట్‌లాగే గట్టిపడితే పక్కల నుంచి కారుతుంది. గోరుతో నొక్కితే నొక్కుకోవాలి, నొక్కుకోకపోతే మార్చేయండి. కొక్కెంలా వంచిన తీగతోనో, సన్నటి స్క్రూ డ్రైవర్‌తోనో లాగండి. ముక్కలుగా వచ్చినా పరవాలేదు. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మందం మూడూ కొలిచి కొత్తది తెప్పించుకోండి. మందంలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా హ్యాండిల్ సరైన చోట బిగుసుకోదు. దొరికితే సిలికాన్‌ది కొనండి, త్వరగా గట్టిపడదు.

కొత్తది వచ్చేలోపు ఆ గాడిని టూత్ బ్రష్‌తో శుభ్రంగా తోమండి. స్క్రీన్, బిళ్ళ ఇప్పుడే తిరిగి బిగించకండి. సున్నం పెచ్చులు ఊడితే నేరుగా బయటికి పోవాలి, మీరు ఇప్పుడే కడిగిన చిల్లుల్లో ఇరుక్కోకూడదు.

7. సున్నం తీయడం

లీటరు నీళ్ళకి 25 గ్రాముల నిమ్మ ఉప్పు. ముందు ఒక జగ్గులో పూర్తిగా కరిగించి, తర్వాత ట్యాంకులో పోయండి. బాయిలర్ అల్యూమినియంది అయితే (గాజియా క్లాసిక్ పాత మోడళ్ళలో అదే) 15 గ్రాములు చాలు, మొత్తం సమయం 20 నిమిషాలు దాటొద్దు. సిల్వియా లాంటి ఇత్తడి బాయిలర్‌కీ, స్టీలుకీ 40 నిమిషాల వరకు ఇవ్వొచ్చు.

డెడికా లాంటి మెషీన్లలో డీస్కేల్ (సున్నం తీయమని చెప్పే) లైటు, దానికో ప్రోగ్రామ్ ఉంటాయి. మాన్యువల్‌లో చెప్పిన ఆ ప్రోగ్రామ్‌తోనే చేయండి. మీ ఇష్టం వచ్చినట్టు చేస్తే లోపల శుభ్రమైనా లైటు వెలుగుతూనే ఉంటుంది. మిగతా వాటికి ఇలా:

చల్లటి మెషీన్లో ద్రావణం పోసి, స్టీమ్ వాండ్ కొన తీసేసి, ముందు వాండ్ నుంచి ఒక కప్పు లాగండి. బాయిలర్ ద్రావణంతో నిండిందని గుర్తు. హీటర్ కాసేపు ఆన్ చేసి, వచ్చే నీళ్ళు చెయ్యి పట్టేంత వెచ్చగా ఉండగానే ఆపేయండి. మరిగించొద్దు. వేడి ఎక్కువైతే సిట్రిక్ యాసిడ్, కాల్షియం కలిసి సరిగ్గా కరగని తెల్లటి మడ్డి అవుతుంది, మీరు తీయబోయిన సున్నం బదులు అది మిగులుతుంది. ప్రతి ఏడెనిమిది నిమిషాలకి ఒకసారి వాండ్ నుంచి అర కప్పు, గ్రూప్ నుంచి అర కప్పు వదలండి. ట్యాంకు అడుగంటేలోపు ఆపండి.

బయటికి వచ్చినదాన్ని పారబోయకుండా గాజు గ్లాసులో పట్టి చూడండి. తెల్లగా మబ్బుగా ఉన్నా, పెచ్చులు ఉన్నా సున్నం కరుగుతోంది. నీలం, పచ్చ కలిసిన రంగు గట్టిగా కనిపిస్తే యాసిడ్ రాగినీ ఇత్తడినీ కూడా తింటోంది, వెంటనే ఆపి కడిగేయండి.

ఇంకో విడత కావాలో వద్దో ఊహించక్కర్లేదు. చివర్లో వచ్చిన ద్రావణంలో చిటికెడు వంట సోడా వేయండి. బుస్సున పొంగితే యాసిడ్ ఇంకా మిగిలే ఉంది, అంటే అది తినడానికి సున్నం పెద్దగా లేదు. పొంగు దాదాపు లేకపోతే యాసిడ్ అంతా సున్నంతోనే ఖర్చయింది. మెషీన్ కడిగి, మర్నాడు అదే పాళ్ళలో ఇంకో విడత చేయండి. ఒకేసారి తేల్చేద్దామని పాళ్ళు రెట్టింపు చేయడం మాత్రం వద్దు. పెద్ద పెచ్చులు ఒక్కసారిగా ఊడొచ్చి వాల్వులో ఇరుక్కుంటే శుభ్రం చేయబోయి రిపేరు తెచ్చుకున్నట్టే.

పోయకూడనివి: బాత్రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్ (పాత్రల మరకలకు వాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇవి లోహాన్ని తినేస్తాయి, విషం కూడా). వెనిగర్ పనిచేస్తుంది గానీ వాసన వారాల తరబడి వదలదు. నిమ్మరసంలో గుజ్జు ఉంటుంది. రాత్రంతా ద్రావణం లోపల ఉంచి నిద్రపోవడం కూడా ఈ జాబితాలోదే.

ఇక కడగడం. రెండు నిండు ట్యాంకుల తాగే నీళ్ళు, సగం వాండ్ నుంచి, సగం గ్రూప్ నుంచి. పంపుకి మధ్యమధ్యలో విరామం ఇవ్వండి. ఆఖరి గ్లాసు చల్లార్చి నాలుక చివర పెట్టి చూస్తే పులుపు తెలియకూడదు. నిమ్మ ఉప్పు వాడితేనే ఈ రుచి పరీక్ష. రెడీమేడ్ డీస్కేలర్లలో వేరే యాసిడ్లు ఉండొచ్చు, అవి వాడితే రుచి చూడకండి, ఇంకో ట్యాంకు అదనంగా వదలండి.

8. బ్యాక్‌ఫ్లష్: అందరికీ కాదు

బ్యాక్‌ఫ్లష్ అంటే చిల్లులు లేని బాస్కెట్ పెట్టి నీళ్ళను వెనక్కి మళ్ళించి గ్రూప్ లోపలి దారి కడగడం. ఇది మూడు దారుల వాల్వు ఉన్న మెషీన్లకే. మీ దాంట్లో ఉందో లేదో చూడాలంటే షాట్ (ఒక విడత ఎస్ప్రెస్సో) తీసి పంపు ఆపిన క్షణంలో గమనించండి: ఒక విడి గొట్టం నుంచి "ఫుస్"మని నీళ్ళు డ్రిప్ ట్రేలోకి కక్కితే ఉన్నట్టు. గాజియా క్లాసిక్, సిల్వియాల్లో ఉంటుంది. లేని మెషీన్లో బ్లైండ్ బాస్కెట్ పెడితే ఒత్తిడి పోయే దారి ఉండదు. హ్యాండిల్ తిప్పగానే మరిగే నీళ్ళు మీ మీదకి చిమ్ముతాయి.

వాల్వు ఉంటే స్క్రీన్, బిళ్ళ, కొత్త గాస్కెట్ బిగించండి. అలెన్ బోల్టులు చేతికి ఆగేవరకే బిగించాలి, బలం చూపిస్తే మరలు పోతాయి. బ్లైండ్ బాస్కెట్‌లో అర చెంచా క్లీనింగ్ పౌడర్ వేసి, మెషీన్ వేడిగా ఉండగా పంపు 10 సెకన్లు ఆన్, 10 సెకన్లు ఆఫ్, ఇలా ఐదుసార్లు. ట్రేలోకి గోధుమరంగు నురగ వస్తుంది. పౌడర్ కడిగేసి, ఉత్త నీళ్ళతో అదే పని పదిసార్లు.

పౌడర్ పూర్తిగా పోయిందా అన్నదానికి పసుపు చెబుతుంది. రెండు తెల్ల గిన్నెల్లో చిటికెడు పసుపు వేసి, ఒకదాంట్లో గ్రూప్ నుంచి వచ్చిన నీళ్ళు, రెండోదాంట్లో మామూలు తాగే నీళ్ళు పోయండి. మొదటిది ఎర్రబారితే క్షారం ఇంకా ఉంది. రెండూ ఒకే పసుపు రంగులో ఉంటే సరే. ఆపైన ఒక షాట్ తీసి పారబోయండి.

9. స్టీమ్ వాండ్

చాలా మెషీన్లలో వాండ్ మీద ప్లాస్టిక్ లేదా స్టీలు తొడుగు ఉంటుంది. లాగితే ఊడొస్తుంది, లోపల ఎవరి పాలో గడ్డకట్టి ఉంటాయి. తొడుగు, కొన రెండూ వేడి సబ్బు నీళ్ళలో నానబెట్టి సూదితో చిల్లులు తీయండి. వేడి మెషీన్‌కి ఉన్న వాండ్‌ని నీళ్ళ గిన్నెలో ముంచి వదిలేయకండి. బాయిలర్ చల్లారేకొద్దీ ఆ సబ్బు నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది.

ఫలితం చూసుకోవడం

3వ మెట్టులో రాసుకున్న అంకె తీయండి. స్క్రీన్ బిగించి, పోర్టాఫిల్టర్ లేకుండా మళ్ళీ 10 సెకన్ల నీళ్ళు తూచండి. అంకె పెరిగితే దారి తెరుచుకుంది. ముందే బాగా వచ్చేదైతే పెరగకపోవచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు. తగ్గిందంటే పెచ్చు ఎక్కడో ఇరుక్కుంది: స్క్రీన్ తీసి మళ్ళీ తూచండి, తేడా వస్తే స్క్రీన్‌లో, రాకపోతే వాల్వులో. వాల్వు విప్పడం అలవాటు లేకపోతే మెకానిక్ పని.

నీళ్ళు స్క్రీన్ అంతటా సమానంగా, వాన చినుకుల్లా పడాలి. ఒకే పక్క ధారగా పడితే ఆ పక్క తప్ప మిగతా చిల్లులు ఇంకా మూసుకునే ఉన్నాయి, 5వ మెట్టు మళ్ళీ. సున్నం తీశాక కొత్తగా ఎక్కడన్నా కారడం మొదలైతే మీ తప్పు కాదు. అరిగిన రబ్బరు రింగు దగ్గర సున్నమే అడ్డుగా ఉండి ఇన్నాళ్ళూ కాపాడింది, ఆ రింగు మార్చండి.

ఇకముందు నీళ్ళ సంగతి

గీజర్‌కీ బకెట్‌కీ తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళు ఇందులో పోస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికొస్తారు. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు లేని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. 600 అంటే తాగడానికి సరే, బాయిలర్‌కి మాత్రం కాదు. ఆర్‌వో నీళ్ళు సున్నం కట్టవు గానీ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) మరీ తక్కువైతే కాఫీ చప్పగా వస్తుంది. ఆర్‌వోలో కొంచెం ఫిల్టర్ చేసిన కార్పొరేషన్ నీళ్ళు కలిపి టీడీఎస్ మీటరు 100–150 మధ్య చూపించేలా పెట్టుకుంటే చాలు.

ఆ నీళ్ళే వాడితే వాల్వు ఉన్న మెషీన్‌కి రోజూ ఉత్త నీళ్ళ బ్యాక్‌ఫ్లష్, రెండు వారాలకోసారి పౌడర్‌తో చేయండి. వాల్వు లేకపోతే వారానికోసారి స్క్రీన్ విప్పి తోమండి. సున్నం తీయడానికి క్యాలెండర్ పెట్టుకోవద్దు. 10 సెకన్ల తూకం నెలకోసారి రాసుకుంటూ, అది తగ్గుతోందనిపించినప్పుడు ముందు స్క్రీన్ తీసి చూడండి. స్క్రీన్ శుభ్రంగా ఉండి కూడా తగ్గుతుంటే అప్పుడు 7వ మెట్టు.